రెండు క్లబ్బులు ‘అంతరించి’

నోటీసును నెట్ కట్టే ఇనుప స్తంభానికి అంటించి వెళ్లారు. మేం పోయేసరికి జిగురు ఇంకా తడిగానే ఉంది. అందరూ నా వైపు చూశారు. మా క్లబ్బుకు ఏ కాగితం వచ్చినా చదివేది నేనే. పైకి చదివాను.

‘ఈ స్థలంలో బాల్ బ్యాడ్మింటన్ ఆడుకొనుటకు నాంపల్లి క్లబ్బుకు, ఆ క్లబ్బు మనుగడలో ఉన్నంత కాలం, అనుమతి ఇవ్వబడినది. ప్రస్తుతం ఆ క్లబ్బు మనుగడలో లేదని మా దృష్టికి వచ్చినది. పదిహేను రోజులలో తగిన ఆధారములు చూపనిచో ఈ స్థలము సిబ్బంది ద్విచక్ర వాహనముల పార్కింగునకు వినియోగింపబడును.’

“క్లబ్బు లేదంటనా?” అన్నాడు కెప్టెన్. “మరి పొద్దుగాల పొద్దుగాల గీడ నిలబడ్డది ఎవలు, దయ్యాలా?”

ఆ పొద్దున వచ్చిన మిగతా ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే నోటీసు మళ్లీ చదివాను. ఆ క్లబ్బు లేదని ఎవరూ పోయి చాడీ చెప్పలేదు. పదకొండేళ్ల కింద నేనే రాశాను. నల్ల సిరాతో, నాకెంతో నచ్చిన ఒక వాక్యంలో. ఒక నకలు ఈ స్థలం ఇచ్చిన సర్కారు శాఖవాళ్లకు కూడా మర్యాదగా ఉంటుందని నేనే తీసుకుపోయి ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకొచ్చాను.

నేను పదో తరగతి తప్పినవాణ్ని. నాంపల్లి స్టేషన్ ఎదురు సందులో ఒక లాడ్జి కౌంటర్‌లో ఇరవై ఆరేళ్లుగా పని చేస్తున్నాను. వచ్చినవాళ్ల పేరు, ఊరు, ఏ పని మీద వచ్చారో రిజిస్టర్‌లో రాసి తాళంచెవి ఇస్తాను. నా చదువంతా లైబ్రరీలో జరిగింది. మిగిలింది ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, అట్టలు ఊడిన పుస్తకాల కుప్పల ముందు గొంతుక్కూర్చుని జరిగింది. శాసనాల పుస్తకాలు చదివాను, వ్యాకరణాలు చదివాను, ధర్మశాస్త్రాల అనువాదాలు చదివాను, ఏనుగుల వైద్యం మీద ఒక పుస్తకం కూడా మొదటి నుంచి చివరిదాకా చదివాను. డిగ్రీ ఉన్నవాళ్లు తడబడ్డ మాటకు నేను అర్థం చెప్పగలిగినప్పుడు నాకు కలిగే సంతోషం చిన్నది కాదు. దాన్ని దాచుకున్నదీ లేదు.

బాల్ బ్యాడ్మింటన్ అంటే ఇప్పటివాళ్లకు చెప్పాల్సి వస్తోంది. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, మధ్యలో నెట్, పసుపుపచ్చ ఉన్ని బంతి. ఒకప్పుడు సాయంత్రమైతే నాంపల్లి నుంచి కాచిగూడ దాకా ప్రతి క్వార్టర్ల వెనకా ఒక కోర్టు ఉండేది. అబిడ్స్‌లో మా క్లబ్బు ఒక బడి ఆవరణలో ఆడేది. నాంపల్లి క్లబ్బు ఈ సర్కారు క్వార్టర్ల వెనక ఆడేది. మా బడివాళ్లు కోర్టు మీద కొత్త బిల్డింగు లేపారు. మాకు మనుషులున్నారు, గ్రౌండ్ లేదు. నాంపల్లివాళ్లకు గ్రౌండ్ ఉంది, ఐదో మనిషి లేడు. అందుకని కలిశాం.

కలవడానికి అబిడ్స్ సందులో కాకా దుకాణం మీది గదిలో కూర్చున్నాం. కాకా అంటే మా క్లబ్బు పెద్ద. బ్యాట్లకు గట్టింగ్ చేసే దుకాణం ఆయనది. ఫ్రేములో నరం బిగించి జాలీ అల్లుతుంటే చూడడానికే జనం నిలబడేవాళ్లు. మా క్లబ్బును పెట్టింది ఆయన తండ్రి. నాంపల్లి వైపు పెద్ద మా కెప్టెన్. రైల్వేలో వర్క్‌షాపు మనిషి, అప్పటికింకా రిటైర్ కాలేదు. వాళ్లతో కలిపి మొత్తం ఏడుగురం. ఆటగాళ్లు ఎవరు, పొద్దున ఎన్నింటికి, నెట్ ఎవరిది, ఇవన్నీ పావుగంటలో తేలిపోయాయి. బోర్డు మీద ఏం రాయాలన్న దగ్గర పడింది చిక్కు.

“సంవత్సరం మాది రాయాలె,” అన్నాడు కాకా. “మాది మీకంటె తొమ్మిదేండ్లు పాతది.”

“గ్రౌండ్ మాది. మాదే రాయాలె,” అన్నాడు కెప్టెన్.

“గ్రౌండ్ నీదా? నీ అత్తగారు పెట్టిన్రా పెండ్లిల? సర్కారుది.”

“సరే, రెండు రాద్దాం. రెండు క్లబ్బులు గెలిచిన కప్పులన్నీ రాద్దాం,” అన్నారెవరో మధ్యలో.

కెప్టెన్ చెయ్యి అడ్డం పెట్టాడు. “గట్లైతే గా ఫైనల్ ఏమని రాస్తరు? మీరు మమ్మల్ని కొట్టిన్రు సూడు, గది.”

“గెలిచినం అని రాస్తం,” అన్నాడు కాకా.

“ఎవల మీద?”

“మీ మీద.”

“మేమంటే ఎవలం ఇప్పుడు? మనమే గద. మనమే మనల్ని కొట్టుకున్నమా? గా మ్యాచ్‌ల నా మోకాలి చిప్ప పోయింది. నేనే పగలగొట్టుకున్ననా?”

గది గదంతా నవ్వింది. ఆ ప్రశ్న మాత్రం తేలలేదు. రెండు క్లబ్బులు ఒకటైతే ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి అయినచోట ఒకే బోర్డు మీద ఏం రాయాలి? అప్పుడు నేను లేచాను. ఆ క్షణం కోసమే నేను అన్ని పుస్తకాలు చదివానేమో అనిపించింది. దత్తత మాట ఎత్తాను. దత్తత పోయిన కొడుక్కు పుట్టింటి గోత్రం ఉండదు, ఆస్తి ఉండదు, పిండం పెట్టే హక్కు ఉండదని చెప్పాను. మనం ఎవరమూ ఎవరికీ దత్తత పోవద్దు, రెండూ పోవాలి, మూడోది పుట్టాలి, పుట్టినదానికి గతం ఉండదు కాబట్టి తగాదా ఉండదు అన్నాను. అందరూ తలలూపారు. రిజిస్టర్ నా ముందుకు తోశారు.

“కలిసినం అని రాయి తమ్మి. సాఫ్‌గ ఉంటది,” అన్నాడు కెప్టెన్.

“కలిసినం అంటే ఎవరు ఎవరిల కలిసిన్రు అని అడుగుతరు అన్నా,” అన్నాను. ఇప్పటికీ ఆ జవాబు తప్పనను. కానీ ఆ తర్వాత రాసిన వాక్యానికి కారణం ఆ జవాబు కాదు. కారణం ఆ వాక్యం చెవికి ఎలా ఉందన్నదే. ‘నాంపల్లి, అబిడ్స్ క్లబ్బులు రెండును అంతరించి, వాని స్థానమున నూతన సంఘము ఆవిర్భవించినది.’ రెండుసార్లు పైకి చదివాను. ఎవరూ అడగకుండానే మూడోసారి చదివాను.

“అంతరించి అంటే?” అన్నాడు కాకా.

“లేకుంట పోయి, కాకా.”

ఆయన పెన్ను పట్టుకుని ఆ మాట మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు. మిగతా ఆరుగురం పెట్టాం.

పదకొండేళ్లు ఆడుకున్నాం. ఇద్దరు పోయారు. సెలవుల్లో క్వార్టర్ల పిల్లలు వచ్చి చేరతారు, పరీక్షలు రాగానే కనబడరు. మిగిలింది ఐదుగురం. కెప్టెన్, ఆయనతోపాటు నాంపల్లివాళ్లు ఇద్దరు, నేను, కాకా. పొద్దున మాలో మేమే అటూ ఇటూ విడిపోయి ఆడుకుంటాం. కాకాకు డెబ్బై నాలుగు. వెనక మూల నిలబడి తన దగ్గరికి వచ్చిన బంతి మాత్రం కొడతాడు. బంతి ఆయన దగ్గరికి పోకుండా మిగతావాళ్లం చూసుకుంటాం. కానీ స్కోరు ఆయనే చెప్పాలి, తగాదా వస్తే ఆయనే తేల్చాలి. జిల్లా లీగుకు ఐదు పేర్లు కావాలి కాబట్టి ఐదో పేరు ఆయనది.

ఆ గ్రౌండ్ నాకు ఏమిటో కూడా చెప్పాలి. లాడ్జిలో నన్ను ‘ఓ కౌంటర్’ అని పిలుస్తారు. ఇంట్లో మా ఆవిడకు నేను చదివేవన్నీ గోడకు పేర్చిన దుమ్ము. పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా మాత్రమే నేను ఎవరికో అవసరమైన మనిషిని. నేను రాకపోతే ఆట ఆగుతుంది. ఆ గంటన్నర మీద స్కూటర్లు నిలబెడతారు, అదీ నేను రాసిన మాట వల్ల. ఈ సంగతి తలకెక్కినప్పటి నుంచి అన్నం సరిగా తినలేదు.

మూడో రోజున రిజిస్టర్ తీసుకుని కెప్టెన్, నేను ఆఫీసుకు పోయాం. నాంపల్లిలోనే, నడిచిపోయే దూరం. స్థలాలు చూసే అధికారి ఒక మేడం. మర్యాదగా కూర్చోబెట్టింది. ఫైల్లోంచి మా నకలు తీసి, రిజిస్టర్‌లోని పేజీ పక్కన పెట్టి, రెండూ చదివింది.

“భాష బాగుంది. ఎవరు రాసిన్రు?” అంది.

“నేనే మేడం,” అన్నాను.

అన్నాక తెలిసింది ఎలా అన్నానో. పక్కన కెప్టెన్ నా వైపు తిరిగి చూశాడు. ఆ పరిస్థితిలో కూడా నా గొంతులో గర్వం పలికింది. గొంతు కోసే కత్తిని చూపిస్తే దాని పిడి చెక్కింది నేనేనని చెప్పుకునేవాణ్ని ఏమనాలి?

“మరి మీరే అంతరించి అని రాసిన్రు గదా,” అంది మేడం. కోపంగా కాదు, లెక్కలో తప్పు చూపించే పంతులమ్మలాగా. “క్లబ్బు ఉన్నంత కాలం అని అనుమతి. క్లబ్బు లేదని మీ కాగితమే చెప్తున్నది. నేనేం చెయ్యాలె చెప్పండి.”

“మేడం, మనుషులం అందరం ఉన్నం,” అన్నాడు కెప్టెన్. “గదే గ్రౌండ్, గదే నెట్టు. ఎండకాలం నీళ్లు చల్లేది నేనే. చచ్చింది ఎవలు?”

“మనుషులకు కాదు సార్, క్లబ్బుకు ఇచ్చిన్రు. మాట మార్చే దారి ఏమన్న ఉంటే పట్టుకురండి.”

బయటికొచ్చాక కెప్టెన్ నాకంటే ముందు నడిచాడు. అసెంబ్లీ దిక్కు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అన్నాడు. “తమ్మి, నీకు తెలుగు ఎక్కువొచ్చుడు మా పానం మీదికి వచ్చింది.”

మరుసటి రోజు నుంచి డ్యూటీ దిగగానే లైబ్రరీకి పోయాను. ఎప్పుడూ తెలుసుకోవాలని పోయేవాణ్ని. ఈసారి దొంగతనానికి పోయినట్టు పోయాను. నాకు కావలసింది ‘అంతరించు’ అనే మాటకు ఇంకో అర్థం. అంతరం అంటే లోపల కూడా కదా. ఎక్కడో, ఎవరో పాతకాలపు కవి ‘లోపలికి చేరు’ అనే అర్థంలో వాడి ఉండడా? ఒక్క చోటు దొరికితే చాలు, దాన్ని జిరాక్స్ తీసి మేడం ముందు పెట్టేవాణ్ని. ఉన్న నిఘంటువులన్నీ దింపించాను. నశించు. చచ్చు. లేకపోవు. మాయమగు. నాలుగు రోజులు చూశాను. బీరువాల దగ్గరి ఉద్యోగి, నన్ను ఎన్నేళ్లుగానో ఎరిగినవాడు, అడిగాడు, “ఏం పోగొట్టుకున్నవన్నా గిట్ల ఎతుకుతున్నవ్?”

ఒక్క అర్థం పోగొట్టుకున్నా అన్నాను. ఆయనకు అది పరిహాసంగా తోచి నవ్వాడు.

నిఘంటువులు అయిపోయాక సంఘాల చట్టాల మీద పుస్తకాలు తీశాను. తెలుగులో ఉన్నవి తక్కువ. ఇంగ్లీషువి వేలు పెట్టుకుని మాట మాట కూడబలుక్కుంటూ చదివాను. రెండు సంఘాలు ఒకటైతే ఆస్తులు ఎవరివి, అప్పులు ఎవరివి, అన్నీ ఉన్నాయి. గెలుపు ఎవరిది, పుట్టిన సంవత్సరం ఎవరిది, పాత బోర్డు మీది పేర్లు ఎవరి తాతలవి, ఇవి ఎక్కడా లేవు. చట్టానికి అక్కర్లేని సంగతులేమో. మాకైతే అవి తప్ప ఇంకేమీ లేవు.

అప్పుడు చేయకూడని పని కూడా మొదలుపెట్టాను. కెప్టెన్ ఒక పొద్దున, “గా పేజి చింపేస్తే పాయె తమ్మి,” అని ఊరికే అన్నట్టు అన్నాడు. చింపితే తెలిసిపోతుంది. అందుకని అదే కొలత రిజిస్టర్ కొత్తది కొని, మధ్యాహ్నం లాడ్జిలో జనం లేని వేళ కౌంటర్ మీద పెట్టుకుని, మొదటి నుంచి ఎత్తి రాయడం మొదలుపెట్టాను. అదే చేతిరాత, అదే నల్ల సిరా. ఆ తీర్మానం వచ్చినచోట ‘అంతరించి’ బదులు ‘కలిసి’ అని రాశాను. ఎంత సులువుగా ఒదిగిందో. కెప్టెన్ ఆ రోజు చెప్పిన మాటే అది. కింద ఏడు సంతకాలు. బతికున్నవాళ్లవి అడిగి పెట్టించుకోవచ్చు. పోయిన ఇద్దరిలో ఒకాయన తెలుగులో సంతకం పెట్టేవాడు, చివరి అక్షరానికి కొమ్ము పొడుగ్గా లాగి దాని కింద రెండు చుక్కలు పెట్టేవాడు. చిత్తు కాగితం మీద దాన్ని నాలుగైదుసార్లు దిద్దాను. ఐదోసారికి అచ్చంగా వచ్చింది. అలా వచ్చేసరికి భయం వేసింది. ఆ మనిషి నా పక్కన నిలబడి ఎన్నో ఏళ్లు ఆడాడు. ఆ కొత్త రిజిస్టర్‌ను, చిత్తు కాగితాన్ని చింపి లాడ్జి వెనక చెత్తలో వేశాను.

పన్నెండో రోజున ఒక్కణ్నే మళ్లీ ఆఫీసుకు పోయాను. చేతిలో ఏమీ లేదు. మేడంకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ మాట మీటింగులో ఎవరూ అనలేదని, కెప్టెన్ కలిసినం అని రాయమన్నాడని, నేను పుస్తకాల పిచ్చిలో అది పెట్టానని. ఆమె ఫైలు మూసింది.

“ఒక్క దారి ఉన్నది,” అంది. “ఆ రోజు సంతకం పెట్టినోళ్లల్ల బతికున్నోళ్లందరు కలిసి కొత్త తీర్మానం చెయ్యాలె. నాంపల్లి క్లబ్బు పోలేదు, పేరు మారింది, అంతే. వేరే క్లబ్బు నుంచి కొంతమంది వచ్చి అండ్ల చేరిన్రు. పాత తీర్మానంల మాట పొరపాటు. గిట్ల రాసియ్యండి, నేను నోట్ పెడత.”

“రెండు కలిసి ఒకటైనయని రాస్తే, మేడం?”

“అప్పుడు ఇది మూడోది అయితది. మూడోదానికి అనుమతి లేదు.”

మెట్లు దిగుతుంటే నాకు అర్థమైంది ఆమె ఏమడిగిందో. గ్రౌండ్ బతకాలంటే నాంపల్లి క్లబ్బు మొదటి నుంచీ బతికే ఉండాలి. అది బతికే ఉంటే అంతరించింది ఒక్కటే, మా అబిడ్స్ క్లబ్బు. తొమ్మిదేళ్లు పెద్దది. కాకా తండ్రి పెట్టింది. నేను పద్దెనిమిదేళ్లప్పుడు మొదటిసారి చెప్పుల్లేకుండా ఆడింది. ఆ ఫైనల్‌లో గెలిచిందీ అదే. ఇప్పుడు బోర్డు మీద రాయాలంటే ‘ఓడిపోయినం’ అని రాసుకోవాలి.

నాంపల్లివాళ్లకు చెబితే వాళ్ల ముఖాలు వెలిగాయి, వెంటనే ముడుచుకున్నాయి. “కాకాకు ఎవలు చెప్తరు?” అన్నాడు కెప్టెన్. కాగితం రాయాల్సింది నేనే కాబట్టి చెప్పాల్సిందీ నేనే.

దుకాణంలో ఆయన ఒక బ్యాట్‌కు జాలీ అల్లుతున్నాడు. తల ఎత్తకుండా విన్నాడు. నేను మూసీ, ఈసా నదుల సంగతి చెప్పాను. లంగర్‌హౌజ్ దగ్గర రెండూ కలుస్తాయి, కలిశాక పేరు మూసీనే, కానీ నీళ్లు రెండింటివీ అని. దారిలో బాగా ఆలోచించుకుని పెట్టుకున్న పోలిక అది.

“ఈసా ఏడున్నదని హైదరాబాద్‌ల ఎవన్నన్న ఆపి అడుగు,” అన్నాడు కాకా. “పది మందిల ఒకడు చెప్తే నేను సంతకం పెడత.”

“కాకా, గ్రౌండ్ పోతది.”

“పోనీ. మాది పోలేదా? బడోళ్లు తవ్వినప్పుడు నీ పుస్తకాలల్ల ఏమన్న రాసున్నదా?” నరం ఒక్క గుంజు గుంజి ముడి వేశాడు. “అప్పుడు రెండు చచ్చినయ్ అన్నవ్. సరే అన్న. ఇద్దరం చచ్చినంక తగాదా ఏందని. ఇప్పుడు అది బతికింది అంటున్నవ్. మరి మాదొక్కటే చచ్చిందా?”

నేను ఆయన దుకాణం గడప మీద కూర్చుండిపోయాను. చెప్పడానికి ఇంక ఏ పుస్తకమూ లేదు. ఏడ్చానని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ యాభై దాటిన మనిషిని, అబిడ్స్ నడిబజారు పక్క సందులో, వచ్చేపోయేవాళ్ల ముందు ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. ఇంకో నరం తీసి అల్లడం మొదలుపెట్టాడు. కాసేపటికి, “ఎప్పుడు?” అన్నాడు.

“ఎల్లుండి ఆఖరు రోజు, కాకా.”

“రేపు పొద్దుగాల వస్త. రాసి పెట్టు.”

మరునాడు ఆట ఆడలేదు. నెట్ కట్టకుండా సిమెంటు గట్టు మీద కూర్చున్నాం, ఐదుగురం. నేను రాసుకొచ్చింది ఆయన పైకి చదవమన్నాడు. చదివాను. ‘నాంపల్లి క్లబ్బు నాటి నుండి నేటి వరకు కొనసాగుతున్నది. పేరు మాత్రమే మారినది. అబిడ్స్ క్లబ్బుకు చెందిన సభ్యులు వ్యక్తులుగా ఇందులో చేరినారు. మునుపటి తీర్మానములోని మాట పొరపాటు.’ సాధ్యమైనంత మామూలుగా రాశాను. మామూలు మాటలు కూడా కోస్తాయని అప్పటిదాకా నాకు తెలియదు.

“వ్యక్తులుగ అంటే?” అన్నాడు కాకా.

“ఒక్కొక్కరుగ.”

“అంటే మా నాయిన క్లబ్బు రాలేదు. నేనొక్కన్నే వచ్చిన. సంచి పట్టుకోని.”

“ఔ కాకా.”

కెప్టెన్ లేచి వచ్చి ఆయన ముందు చేతులు జోడించాడు. ఆ మోకాలితో కింద కూర్చోలేడు, వంగి నిలబడ్డాడు. “పెద్దమనిషివి. నీ కాళ్లు మొక్కుత. మనసుల పెట్టుకోకు. ఇది కాయితం, అంతే. గా ఫైనల్ నువ్వే గెలిచినవ్, ఎవలడిగినా నేనే చెప్త.”

“నువ్వు చెప్తవ్,” అన్నాడు కాకా. “నువ్వు పోయినంక?”

సంతకం పెట్టాడు. పెట్టి, నా చేతికి పెన్ను ఇచ్చి, మెల్లగా గేటు దాటి పోయాడు. అందరికన్నా చివర నేను సంతకం చేశాను. నా పేరు కింద ఉన్న గీత మీద ‘వ్యక్తిగా చేరిన సభ్యుడు’ అని నేనే రాసుకున్నాను.

గ్రౌండ్ మిగిలింది. మేడం మాట నిలబెట్టుకుంది. నెలలోపల కాగితం వచ్చింది. నాంపల్లి క్లబ్బు మనుగడలో ఉన్నట్టు గుర్తించడమైనది అని. కెప్టెన్ దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టించి ఇంట్లో బీరువాలో దాచాడు. ఆ రోజు పొద్దున ఒకాయన జిలేబీ తెచ్చాడు. ఎవరూ పెద్దగా తినలేదు. కాకా రావడం మానేసి అప్పటికి మూడు వారాలు.

లీగుకు పేర్లిచ్చే గడువు దగ్గరికొచ్చింది. ఐదో పేరు కావాలి. ఆదివారం గౌలిగూడలో ఆయన ఇంటికి పోయాను. తలుపు ఆయనే తీశాడు. లోపలికి తిరిగి భార్యతో అన్నాడు, “నాంపల్లి క్లబ్బాయన వచ్చిండు. చాయ్ పొయ్యి.”

కూర్చున్నాను. ఆమె చాయ్ తెచ్చి, నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా లోపలికి పోయింది.

“కాకా, పేర్లు ఇయ్యాలె. నువ్వు లేకుంటే నలుగురమే.”

“ఒక మాట చెప్పు పండితా. రేపు నేను పోయినంక నన్ను ఏ క్లబ్బాయన అంటరు?”

“రెండు…”

“రెండు గిండు వద్దు. ఒకటి చెప్పు. కాయితంల ఉన్నది చెప్పు.”

చాయ్ కింద పెట్టాను. అబద్ధం చెబితే ఆయనకు తెలుస్తుంది. రాసింది నేనే.

“నాంపల్లి,” అన్నాను.

ఆయన తలూపాడు. “గదీ. ఇన్నేండ్లల్ల ఒక్కటి సక్కగ చెప్పినవ్. చాయ్ తాగు, సల్లారుతది.”

“వస్తవా కాకా?”

“నాంపల్లి క్లబ్బుల నేను ఎన్నడు లేను బేటా. లేనోని పేరు ఎట్ల రాస్తవ్?”

చాయ్ తాగి, దండం పెట్టి, బయటికొచ్చాను. కోఠీ మీదుగా అబిడ్స్ దాకా నడిచాను. ఆదివారం కావడంతో ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాలు పరిచి ఉన్నాయి. తెలిసినవాళ్లు పేరు పెట్టి పిలిచారు, మంచివి వచ్చినయ్ రమ్మన్నారు. ఆగకుండా పోయాను.

మరునాడు పొద్దున కెప్టెన్ నెట్ కడుతూ, “వస్తడా?” అన్నాడు.

“రాడు.”

తాడు ముడి సగంలో వదిలేసి గట్టు మీద కూర్చున్నాడు. తర్వాత లేచి ముడి వేశాడు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరం ఆడాం. వెనక మూల ఖాళీగా ఉంది కాబట్టి బంతులన్నీ అటే పోయాయి, ఎవరికీ అందలేదు. కెప్టెన్ రెండు మూడుసార్లు స్కోరు చెప్పబోయి లెక్క తప్పాడు. ఎంతకు ఎంతో మాలో ఎవరికీ తెలియదు. ఏడున్నర దాకా అలాగే కొడుతూ ఉన్నాం.